ఓపెన్‌సీటీఐ నడపడానికి 8 జీబీ ల్యాప్‌టాప్ చాలుతుందా? (అనంతపురం, బీటెక్ ప్రాజెక్టు)

చాలదు. సైబర్ ముప్పుల సమాచారాన్ని గ్రాఫ్‌గా చూపే ఈ టూల్ ఒంటరిగా నడవదు. వెనకాల ఎలాస్టిక్‌సెర్చ్ (డేటాను దాచి వెతికిపెట్టేది), రెడిస్ (మెమరీలో డేటా ఉంచేది), రాబిట్‌ఎంక్యూ (పనులను క్యూలో పంపేది), ఫైళ్ల నిల్వకు ఇంకోటి, అన్నీ లేవాలి. ర్యామ్‌లో సింహభాగం ఎలాస్టిక్‌సెర్చే మింగేస్తుంది. కాలేజీ ల్యాబ్‌లో 16 జీబీ మెషీన్ అడిగి తీసుకోండి. మన అనంతపురం ఎండలకు ఏసీ ఉన్న గదైతే మరీ మంచిది.

ఉబుంటులో డాకర్ (ఇలాంటి ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లా నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ఓపెన్‌సీటీఐ వాళ్ల డాకర్ రెపోలో ఉన్న నమూనా ఎన్వ్ ఫైలు (.env, సెట్టింగులు ఉండేది) కాపీ చేసుకుని పాస్‌వర్డ్, టోకెన్ మార్చండి. టోకెన్ అంటే నోటికొచ్చిన పదం కాదు, యూయూఐడీ (అంకెలు, అక్షరాలు, గీతలతో ఉండే పొడవాటి ఐడీ) రూపంలోనే ఉండాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకోటి, లైనక్స్‌లో వీఎం మ్యాక్స్ మ్యాప్ కౌంట్ (vm.max_map_count, ఒక ప్రోగ్రామ్ వాడుకోగల మెమరీ ముక్కల పరిమితి) విలువను 1048575కు పెంచండి. లేకుంటే ఎలాస్టిక్‌సెర్చ్ లేచినట్టే లేచి పడిపోతుంది. ఆ తర్వాత డాకర్‌తో అన్నీ లేపి, బ్రౌజర్‌లో 8080 పోర్టు తెరవడమే.

మొదట్లో లోపల ఖాళీగా కనిపిస్తే కంగారు పడొద్దు. మైటర్ అటాక్ (హ్యాకర్ల దాడి పద్ధతుల జాబితా) కనెక్టర్ డేటా లాక్కొచ్చాక ముఠాలు, మాల్‌వేర్, దాడి పద్ధతులు గీతలతో ముడిపడి కనిపిస్తాయి.

ఒకే ఒక్క రిపోర్టును బొమ్మగా చూడాలంటే మాత్రం ఇంత తతంగం దేనికి? ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ వాళ్ల స్టిక్స్ (ముప్పుల సమాచారం రాసే ఫార్మాట్) విజువలైజర్‌లో ఆ రిపోర్టు స్టిక్స్ జేసన్ ఫైలు వేయండి. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, మీ ల్యాప్‌టాప్ చాలు.