ఎఫ్‌ఐఆర్ రహస్యం కాదు, మీరే చూసుకోవచ్చు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. ఆరు నెలలుగా మా చుట్టుపక్కల చెరువుల మీద మోటార్లు, కేబుల్ వైర్లు ఎత్తుకుపోతున్నారు. నావి రెండు ఏరియేటర్ మోటార్లు పోతే కంప్లయింట్ ఇచ్చాను. కేసు కట్టారో లేదో తెలియదు. ఇలాంటి కేసులు ఎన్ని ఉన్నాయని అడిగితే అవి బయటకు చెప్పకూడదన్నారు. ఆన్‌లైన్‌లో ఉంటాయని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? కాపలాకు పెట్టుకోబోయే మనిషి మీద కేసులున్నాయేమో కూడా చూడొచ్చా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఎఫ్‌ఐఆర్ కట్టిన 24 గంటల్లో దాన్ని పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016 సెప్టెంబర్ 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెట్ సమస్య ఉన్నచోట 48 గంటలు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకే మినహాయింపు. ఆ నిర్ణయం కూడా డీఎస్పీకి తగ్గని అధికారి తీసుకోవాలి. మోటార్ల దొంగతనం అందులోకి రాదు.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల సిటిజన్ పోర్టల్‌లో ఎఫ్‌ఐఆర్‌లు చూసే చోట మీ జిల్లా, మీ స్టేషన్ ఎంచుకుని వెతకండి. మీ కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు కట్టిన కేసులు తూర్పుగోదావరి పేరు మీద ఉండొచ్చు. మీ స్టేషన్ ఒక్కటే చూసి ఆగకండి. వశిష్ట గోదావరి పాయ దాటితే నరసాపురం, అది పశ్చిమగోదావరి. దొంగ సొత్తు రేవు దాటడానికి ఎంతసేపు పట్టదు, అందుకని అవతలి ఒడ్డు స్టేషన్లు కూడా చూడండి. యానాం మాత్రం పుదుచ్చేరి పోలీసుల కిందకు వస్తుంది, అక్కడి కేసులు మన పోర్టల్‌లో దొరకవు.

ముందు మీ సొంత కంప్లయింట్ సంగతి తేల్చుకోండి. కేసు కడితే ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. కాపీ రాలేదు, ఆన్‌లైన్‌లోనూ లేదంటే అసలు కేసు కట్టలేదేమోనని అనుమానించాల్సిందే. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయితే కొత్త చట్టంలో అది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. చిన్నాచితకా దొంగతనాలు ఎఫ్‌ఐఆర్‌ల జాబితాలో కనిపించకపోవడానికి ఇదొక కారణం. అందుకే మీ మోటార్ల కొనుగోలు బిల్లులు జతచేయడం చాలా ముఖ్యం. బిల్లులున్నా కట్టకపోతే ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. కేసు కట్టి ఉంటే, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు తెలియజేయాల్సిన బాధ్యత వాళ్లదే.

ఎన్ని కేసులన్న లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పేర్లు అడగొద్దు. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మోటార్లు, వైర్ల దొంగతనాలపై ఎన్ని ఎఫ్‌ఐఆర్‌లు, ఎన్ని ఛేదించారు, ఎంత సొత్తు రికవరీ చేశారు, ఇంతే అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తులో ఉందని తిప్పి పంపితే అప్పీలు చేయండి. దర్యాప్తుకు ఎలా ఆటంకమో వాళ్లు చూపించాలి, ఊరికే దర్యాప్తు నడుస్తోందంటే చాలదని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో చెప్పింది. అంకెలు చెబితే ఏ దర్యాప్తూ ఆగిపోదు.

ఇక కాపలా మనిషి సంగతి. ఇక్కడ మిమ్మల్ని కాస్త ఆగమంటాను. ఎఫ్‌ఐఆర్‌లో ఉండేది ఒకరు చెప్పిన మాట, అది రుజువు కాదు. ఆ తర్వాత పోలీసులు వేసే ఛార్జిషీటును ఆన్‌లైన్‌లో పెట్టక్కర్లేదని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల మొదటి ఆరోపణ అందరికీ కనబడుతుంది, తర్వాత ఏమైందో కనబడదు. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషన్ పేరు తీసుకుని ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వెతికితే కేసు కొట్టేశారో, శిక్ష పడిందో, ఇంకా నడుస్తోందో తెలుస్తుంది. అది చూడకుండా ఎవరి మీదా నిర్ణయానికి రావద్దు. తండ్రి పేరు, ఊరు కూడా సరిచూసుకోండి. మన వైపు ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు.

నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడి విషయం ఇప్పటికీ బాధగానే ఉంటుంది. గట్టు తగాదాలో పేరు ఇరికించారు, కోర్టు కేసు కొట్టేసింది. ఆ పాత ఎఫ్‌ఐఆర్ కాపీని ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే కుదిరిన సంబంధం తప్పిపోయింది. చూడటం మీ హక్కే, కానీ దొంగ అని రాసి పంచితే పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. లైంగిక నేరాల్లో బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల వరకు జైలు.

ఆ మనిషికి చెప్పి, ఆధార్ తీసుకుని, స్టేషన్‌లో వెరిఫికేషన్‌కు అర్జీ పెట్టండి. మీ కంప్లయింట్ ఇచ్చిన తేదీ, రసీదు ఉంటే దాని నంబరు కూడా వెతికి ఉంచండి. ఎస్పీ గారికి రాయాల్సి వస్తే మొదటి వాక్యంలోనే అవి ఉండాలి.