యాగశాలలో నోరు మెదపనివాడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కురురాజు చేసే సోమయాగాన్ని కథగా రాయాలని పూనుకున్నందుకే నాకు ఎంతో సంతోషమేసింది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను: 'పూజారి'. నిప్పు రాజేసేదీ ఆయనే, మంత్రం చదివేదీ ఆయనే, రాజుకు సలహా చెప్పేదీ ఆయనే. వెనకాల గుడిగంట కూడా మోగించావు. వైదిక యాగానికి గుడి లేదమ్మా, విగ్రహం లేదు. నేల కొలిచి వేది కట్టుకుంటారు, అగ్నులు నిలుపుకుంటారు.

రాజు పక్కన ఉండేవాడు పురోహితుడు. ఋగ్వేదంలోని సుదాసు రాజుకు వసిష్ఠుడిలా కష్టసుఖాల్లో, యుద్ధంలో వెన్నంటి ఉంటాడు. ఋత్విక్కులు వేరు. ఆ ఒక్క యాగానికి వరించి తెచ్చుకున్నవాళ్లు, దక్షిణ పుచ్చుకొని వెళ్లిపోతారు. సోమయాగానికి 16 మంది. (కథను ఋగ్వేద కాలానికి జరిపితే ఈ లెక్క చెల్లదు, చూసుకో.) హోత ఋక్కులు చదువుతాడు, ఉద్గాత సామం పాడతాడు. అధ్వర్యుడిది చేతిపని: కొలవడం, కట్టడం, వండడం, వేల్చడం. యజుస్సు, అంటే యజుర్వేద మంత్రం, చదువుతూనే ఇవన్నీ చేస్తాడు. ఫలానా సంఘం 'ఆధ్వర్యంలో' సభ అని రోజూ రాస్తామే, ఆ మాట పుట్టింది ఇతని పేరు నుంచే.

ఒక్క ఆహుతిని దగ్గరగా చూడు. అధ్వర్యుడి చేతిలో జుహువు అనే మోదుగ కర్ర గరిటె, అందులో అగ్నిలో వేల్చే హవిస్సు. 'ఆశ్రావయ' అంటాడు. చెక్కకత్తి పట్టుకుని నిలబడ్డ ఆగ్నీధ్రుడనే మరో ఋత్విక్కు 'అస్తు శ్రౌషట్' అని బదులిస్తాడు. 'యజ' అని హోతకు ఆజ్ఞ. హోత 'యే యజామహే' అని ఎత్తుకుని, ఋక్కు చదివి, 'వౌషట్' అని ముగిస్తాడు. హవిస్సు అగ్నిలో పడేది అప్పుడే. 'ఇది నాది కాదు' అని యజమాని, అంటే యాగం చేయించే రాజు, వదులుకుంటాడు. ఈ పిలుపులూ బదుళ్లూ కలిపితే 17 అక్షరాలని యజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత లెక్కగట్టి మరీ చెప్పింది. ఇన్ని గొంతులు, ఇన్ని చేతులు ఉన్న చోటును నువ్వు ఒక్క పూజారికి అప్పగించేశావు.

ఇక నాకు అందరికంటే ఇష్టమైనవాడు బ్రహ్మ. దేవుడు కాదు, ఆ పేరుగల ఋత్విక్కు. యాగశాలలో గార్హపత్యం, దక్షిణాగ్ని, ఆహవనీయం అని మూడు అగ్నులుంటాయి; ఆహవనీయానికి దక్షిణంగా కూర్చుంటాడు. మూడు వేదాల పనీ తెలిసినవాడు, ఎక్కడ తప్పు జరిగినా కనిపెట్టేవాడు. అనుజ్ఞ ఇవ్వడానికి తప్ప నోరు విప్పడు. యాగానికి మనసు, వాక్కు అని రెండు దారులున్నాయనీ, వాక్కు దారి మిగతావాళ్లదైతే మనసు దారి బ్రహ్మదనీ ఛాందోగ్యోపనిషత్తు అంటుంది. మధ్యలో ఆయన మాట్లాడితే ఆ దారి తెగుతుంది, యాగం ఒంటికాలి మనిషిలా, ఒంటిచక్రం రథంలా పడిపోతుంది. ఎవరైనా ఋక్కులో తప్పితే గార్హపత్యంలో 'భూః స్వాహా' అని వేల్చి సరిదిద్దుకోవాలి. యజుస్సులో తప్పితే దక్షిణాగ్నిలో 'భువః స్వాహా'. సామంలో తప్పితే ఆహవనీయంలో 'స్వః స్వాహా'.

హోత స్వరం జారిన ఆ క్షణం బ్రహ్మ లోపల ఏం జరుగుతుంది? అందరూ తమ తమ పనిలో ఉన్నారు. తప్పు విన్నది ఆయనొక్కడే. నీ మూడో సన్నివేశాన్ని ఆయన కూర్చున్న చోటి నుంచి మళ్లీ రాయి. గంట తీసెయ్యి. దీపావళి లోపు నాకు పంపు, కళ్లజోడు మార్పించుకుని కూర్చుంటాను.