తమ్ముణ్ని టీవీ షోకి పంపొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. బాగా పాడతాడు. ఓ రియాలిటీ షోవాళ్లు పిలిచి, ఒప్పందం మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టొచ్చా?
– ఒక అక్క, పెరంబూరు, చెన్నై

జవాబు: అక్క అయినంత మాత్రాన ఆ అధికారం మీకు రాదమ్మా. మిమ్మల్ని చట్టప్రకారం సంరక్షకురాలిగా నియమించి ఉండాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ఆ పని చేస్తుంది. అప్పుడైనా తమ్ముడి ఇష్టమే ముఖ్యం. వేరువేరు రోజుల్లో మూడుసార్లు అడగండి. ఓడిపోతే ఏమవుతుందో, తనను ఎవరెవరు చూస్తారో అతనే తన మాటల్లో చెప్పగలగాలి.

ఒప్పందాన్ని తెలుగులో చదివించుకోండి. ‘ఎలాగైనా ఎడిట్ చేసుకోవచ్చు’, ‘శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో’ అన్నచోట ఆగండి. అసలు ప్రమాదం పాటకు ముందు వేసే ఇంటి వీడియోతోనే. అమ్మ కన్నీళ్లు, మందుల డబ్బా దగ్గరగా, వెనక ఏడుపు సంగీతం: చక్కటి గాయకుణ్ని జాలిబొమ్మగా మార్చేస్తారు. ఆ ముక్క యూట్యూబ్‌లో ఏళ్లతరబడి తిరుగుతుంది. ప్రసారానికి ముందే అది మీకు చూపాలనీ, వద్దన్న భాగం తీసేయాలనీ రాయించండి. సెట్‌లో మీరు పక్కన ఉండటం, మందుల వేళలు, గంటకో విరామం, జరిమానా లేకుండా మానుకునే హక్కు కూడా కాగితం మీదే ఉండాలి. నోటిమాటలు షూటింగ్ హడావుడిలో గాలికి పోతాయి.

వెక్కిరిస్తే మాత్రం ఊరుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 ప్రకారం, కించపరచాలనే నలుగురిలో అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా.