జెల్ చేయడం వచ్చింది, మరి కరగడం సంగతి?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టులో ఆల్జినేట్‌తో హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే మెత్తటి జెల్) చేశాను. చాలా నచ్చింది, ఇందులోనే పీహెచ్‌డీ చేయాలనుంది. కానీ బయాలజీని స్కూల్లోనే వదిలేశాను. బయోమెడికల్ వైపు వెళ్తే నెట్టుకురాగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు జెల్ ఎందుకు నచ్చిందో ఊహించగలను. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ ద్రావణాన్ని సిరంజితో కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే, పడీపడగానే ఒక్కో చుక్కా గుండ్రటి పూస అయిపోతుంది. ముచ్చటేస్తుంది. అసలు పని మాత్రం ఆ తర్వాతే.

ఆ పూసల్ని ఫాస్ఫేట్ బఫర్‌లో (ఒంట్లోని ద్రవాల్ని పోలిన ఉప్పు ద్రావణం) వేసి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, రోజూ తీసి తూచండి. ముందు ఉబ్బుతాయి, తర్వాత మెత్తబడతాయి, చివరికి పట్టకారుకి అందకుండా జారిపోతాయి. కాల్షియంను ఫాస్ఫేట్ లాగేసుకుంటుంది, దాని చోట్లోకి సోడియం దూరుతుంది, ఆల్జినేట్ అణువుల పొడవాటి గొలుసుల మధ్య కాల్షియం వేసిన ముడులు ఊడిపోతాయి. చాలా ప్రాజెక్టు రిపోర్టులు దీన్నే ‘బయోడిగ్రేడబుల్’ అని రాసేస్తాయి. జెల్ విడిపోయింది నిజమే, గొలుసు మాత్రం తెగలేదు. ఆల్జినేట్‌ను తెంపే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. పొడవాటి గొలుసులు కిడ్నీల జల్లెడ దాటి పోలేవు. అందుకే పెరయోడేట్‌తో కాస్త ఆక్సీకరణ చేసి, నీటికి తెగే బలహీనమైన చోట్లు పెడతారు. మన ఒంట్లో సహజంగానే ఉండే హయలురోనిక్ యాసిడ్‌ది తిరగబడ్డ సమస్య: దాన్ని తెంపే ఎంజైమ్ ఒంట్లోనే ఉంది కాబట్టి, ఎక్కువ రోజులు నిలబెట్టడానికే తిప్పలు. రొయ్యల పెంకుల నుంచి వచ్చే కైటోసాన్‌ను లైసోజైమ్ అనే ఎంజైమ్ ఎంత త్వరగా తెంపుతుందన్నది గొలుసుపై మిగిలిన ఎసిటైల్ గ్రూపుల్ని బట్టి ఉంటుంది.

చూశారుగా, ఇందులో సగానికి పైగా మీ సబ్జెక్టే. కణాల కల్చర్ (కణాల్ని ల్యాబ్‌లో పెంచడం) చేతిపని, పక్కన నేర్పేవాళ్లుంటే కొన్ని నెలల్లో అలవాటవుతుంది. ఈ లోపు జెల్‌ను కణాల కళ్లతో చూడటం నేర్చుకోండి. గొలుసుల్ని ముడివేసే రసాయనం గ్లూటరాల్డిహైడ్‌తో కట్టిన కైటోసాన్ జెల్ చేతికి గట్టిగా తగులుతుంది, కానీ లోపల మిగిలిపోయిన గ్లూటరాల్డిహైడ్ కణాల్ని చంపేస్తుంది. స్టెరిలైజేషన్ కూడా చిన్న విషయం కాదు. నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో తేనెలా చిక్కటి ఆల్జినేట్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిముల్ని చంపే పరికరం) పెడితే నీళ్లలా బయటికొచ్చింది. వేడికి గొలుసులు తెగిపోయాయి, వారం పని పోయింది. తర్వాత నుంచి ఫిల్టర్ చేసుకునేవాణ్ని.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు గైడ్ పేపర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. రియోమీటర్ (జెల్ గట్టిదనం, సాగుదల కొలిచే పరికరం) ఉందా, కల్చర్ రూమ్ మీకు అందుబాటులో ఉంటుందా అని అక్కడి విద్యార్థులనే అడగండి. గైడ్‌ను అడగాల్సింది ఒకటుంది: ‘మీ జెల్ ఎన్ని వారాల్లో తెగుతుంది, ఆ ముక్కలు ఎటు పోతాయి?’ దీనికి జవాబు దాటేస్తే నేనైతే వేరే ల్యాబ్ చూసుకుంటాను.

ఉద్యోగాల మాటకొస్తే, ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే లెక్కలో పెట్టుకోకండి. గాయాల డ్రెస్సింగులు, ఫార్మా ఫార్ములేషన్, వైద్య పరికరాల టెస్టింగ్ కూడా ఉన్నాయి. చివరిదానికి ఐఎస్‌ఓ 10993 ప్రమాణాలు (వైద్య పరికరాలు ఒంటికి హాని చేస్తాయా అని పరీక్షించేవి) ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి. విసుగ్గా ఉంటాయి, అయినా చదవండి.

ముందు ఆ పూసల్ని పది రోజులు తూచండి. పదో రోజు కూడా తూచాలనిపిస్తే, గైడ్‌కు రాసే మెయిల్‌కు ఆ బరువుల గ్రాఫ్ జత చేయండి.