టిటో పుయెంటే పేరు ‘ఓయె కోమో వా’ ఒక్కదానితోనే వచ్చిందా?

అమెరికా రాక్ బృందం శాంటానా 1970లో ప్రపంచమంతటా వినిపించిన ఆ పాట అసలు లాటిన్ నాట్యసంగీత బృంద నాయకుడు టిటో పుయెంటేదని తెలిసి, ఆయన కీర్తికి అదొక్కటే కారణమా అని మీరు అడిగారు. కాదండీ. దాన్ని ఆయన 1962లో రికార్డు చేశారు. అప్పటికే ఆయన వాద్యబృందానికి పదేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

కరీబియన్ దీవి ప్యూర్టో రికో నుంచి వచ్చిన దంపతులకు 1923లో న్యూయార్క్‌లో పుట్టి, స్పానిష్ హార్లెమ్‌లో పెరిగిన పుయెంటే, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో పనిచేసి, మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన సాయంతో జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చదివారు. 1950లలో మాన్‌హాటన్‌లోని పల్లేడియమ్ నాట్యశాలలో మచీటో, టిటో రోడ్రిగెజ్, పుయెంటే బృందాల మధ్య పోటీయే, క్యూబా మూలాలున్న నాట్యసంగీతం మాంబోకు స్వర్ణయుగం. 1958 నాటి ‘డాన్స్ మేనియా’ ఆల్బమ్‌లో ఆ ఊపు ఇప్పటికీ తగ్గలేదు.

నేను చిన్నప్పుడు విజయవాడలో మృదంగం నేర్చుకున్నాను. ఉద్యోగరీత్యా న్యూయార్క్‌లో ఉన్నప్పుడు సాయంత్రాలు టింబాలెస్ (కర్రలతో వాయించే జంట డ్రమ్ములు) తరగతికి వెళ్లి, ఈ సంగీతానికి వెన్నెముక అయిన ‘క్లావే’ అనే లయ నమూనా దగ్గరే బోల్తా పడ్డాను. పదహారు మాత్రల్లో ఐదే దెబ్బలు. వాటి మధ్య దూరాలు 3, 3, 4, 2, 4. లెక్క నాకు వెంటనే అర్థమైంది కానీ, ప్రతి ఆవర్తనం మొదట్లోనూ సమాన్ని గట్టిగా నొక్కే అలవాటు పోక, రెండు వారాలపాటు గురువుగారు నన్ను ఆపుతూనే ఉన్నారు. ఆ తర్వాతే పుయెంటే రికార్డులు నాకు సరిగ్గా వినిపించాయి: ట్రంపెట్లు, సాక్సోఫోన్లు జాజ్ బృందాల నిండుతనంతో మోగుతున్నా, వాటి విరుపులన్నీ ఆ ఐదు దెబ్బలకు లోబడే ఉంటాయి. ఆ స్వరరచనలో చాలాభాగం ఆయనదే; లోహపు పలకల వాద్యమైన వైబ్రాఫోన్ కూడా ఆయన వాయించేవారు.

మన కచేరీలో మృదంగం పక్కన కూర్చుంటుంది. అక్కడ టింబాలెస్ మాత్రం బృందానికి వెనక ఉండేవి. పుయెంటే వాటిని వేదిక ముందుకు తెచ్చి, నిలబడి వాయిస్తూ బృందాన్ని నడిపించారు. నా దృష్టిలో పురస్కారాలకంటే ఇదే పెద్ద విషయం. పురస్కారాలకూ కొదవ లేదు, బతికుండగానే ఐదు గ్రామీలు అందుకున్నారు. తన సంగీతాన్ని ‘సల్సా’ (స్పానిష్‌లో సాస్ అని అర్థం) అంటే మాత్రం, అది తినే పదార్థమని చమత్కరించేవారు. 77వ ఏట, 2000లో మరణించారు.

కొత్తగా వినేవారు 1949 నాటి ‘రాన్ కాన్ కాన్’తో మొదలుపెట్టండి, మన ‘తకధిమి’లాగే ఆ పేరు కూడా వాద్యం పలికే పలుకే.