పాత ప్లయర్లు కొనేటప్పుడు ముందుగా చూడవలసింది కీలు

గరాజ్ సేల్‌లలో రెండు మూడు డాలర్లకు దొరికే పాత ప్లయర్లను, ముఖ్యంగా దవడల వెడల్పును మార్చుకోగలిగిన రకాలను, కొని ఇంటి పనులకు వాడుకోవచ్చా అని మీరు అడిగారు. మీకు నచ్చిన ఒకదాని మీద ‘చానల్‌లాక్’ అనే మాటతో పాటు ‘చాంపియన్ డిఆర్మెంట్, మీడ్‌విల్’ అని కంపెనీ పేరూ ఊరి పేరూ ముద్రించి ఉన్నాయనీ, అది ఏ కాలానిదో తెలియడం లేదనీ రాశారు. నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పశ్చిమ పెన్సిల్వేనియాలో స్థిరపడిన ఈ పద్నాలుగేళ్లలో నేను వాడిన చేతి పనిముట్లు దాదాపు అన్నీ అలా సంపాదించినవే. అయితే మొదటి రెండేళ్లలో కొన్నవాటిలో సగానికి పైగా పాత ఇనుము కింద పారేయవలసి వచ్చింది. మెరుపునూ పేరునూ చూసి కొన్నానే తప్ప కీలు చూడకపోవడమే అందుకు కారణం.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లారీల మరమ్మతు షెడ్డు నడిపారు. ఎవరైనా పాత సామాను అమ్మకానికి తెస్తే ఆయన ముందు రెండు పిడులనూ పట్టుకుని అడ్డంగా ఊపి చూసేవారు, ఆ తరవాతే ధర అడిగేవారు. బేరం తగ్గించడానికి చేసే పని అనుకునేవాణ్ణి కానీ, అందులో ఉన్న పరీక్ష ఏమిటో ఇక్కడ చేతులు కాలాక గాని నాకు తెలిసిరాలేదు. ప్లయర్‌లో దవడల పళ్లు కొంచెం అరిగినా పని జరుగుతుంది, పిడి కాస్త వంగినా సర్దుకోవచ్చు, కానీ కీలు వదులైతే రెండు దవడలూ ఎదురెదురుగా నిలవవు. బలం వేసినప్పుడు అవి పక్కకు మెలిక తిరిగి, నట్టు మూలలను గుండ్రంగా చేసి వదిలిపెడతాయి.

సర్దుబాటు రకాలలో ఈ కీలు సంగతి మరింత ముఖ్యం. మామూలు రకంలో రెండు భాగాలనూ కలిపే చీల రెండు రంధ్రాల మధ్య జరుగుతుంది, అంతే. పంపు పనులకు వాడిన పాత రకాలలో చీల ఒక పొడవాటి చీలికలో జరుగుతూ, దాని అంచున ఉన్న చిన్న మెట్లలో ఎక్కడో ఒకచోట ఆగేది. వేసిన బలమంతా ఆ సన్నని చీల మీదా, ఆ మెట్ల మీదా పడేది కనుక అవి త్వరగా అరిగి, బిగించే సమయంలోనే జారిపోయేవి. పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ అనే ఊళ్లో ఉన్న చాంపియన్ డిఆర్మెంట్ కంపెనీలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన హోవర్డ్ మానింగ్ 1933లో దీనికి ఒక పరిష్కారం రూపొందించారు, మరుసటి ఏడాది దానికి పేటెంటు వచ్చింది. ఒక భాగంలో వంపు తిరిగిన గాడులు వరుసగా ఉంటాయి, రెండో భాగంలో ఆ వంపుకు సరిపోయే నాలుక ఉంటుంది. నాలుక గాడిలో కూర్చున్నప్పుడు బలం ఆ వెడల్పైన వంపు మీద పరుచుకుంటుంది. చీలకు మిగిలేది రెండు భాగాలూ విడిపోకుండా పట్టి ఉంచే పని మాత్రమే. తొంభై ఏళ్లు దాటినా ప్రపంచమంతటా ఇదే పద్ధతిలో ప్లయర్లు తయారవుతున్నాయంటే ఆ ఊహ ఎంత గట్టిదో చూడండి.

అందువల్ల ఈ రకాన్ని పరీక్షించేటప్పుడు ఊపి చూడటంతో ఆగకూడదు. ప్రతి గాడినీ వెలుతురులో వంచి చూసి, అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రబడ్డాయా గమనించండి. ఎక్కువగా వాడిన గాడే ముందు అరుగుతుంది. నేను చూసినవాటిలో అది తరచుగా రెండోదో మూడోదో అయి ఉంటుంది, ఎందుకంటే ఇళ్లలోని నీటి గొట్టాల నట్లకు సరిపోయే వెడల్పు అక్కడే వస్తుంది. తరవాత దవడల మధ్య ఏదైనా గట్టి వస్తువును పెట్టి, ఒక్కొక్క గాడిలోనూ బలంగా నొక్కి చూడండి. నేనొకసారి ఈ పరీక్ష చేయకుండా కొన్న ప్లయర్ సింకు కింద పనిచేస్తుండగా జారి, నా వేళ్ల కణుపులు గొట్టానికి కొట్టుకుని వారం రోజులు వాచాయి. ఇంకొక మాట: వీటిని ఒక దిక్కుకు తిప్పితే పట్టు తనంతట తాను బిగుస్తుంది, రెండో దిక్కుకు తిప్పితే దవడ తెరుచుకోవాలని చూస్తుంది. జారడం చాలాసార్లు పనిముట్టు తప్పు కాదు, దాన్ని తిరగేసి పట్టుకున్న మన తప్పు.

మీ ప్లయర్ ఏ కాలానిదన్న సంగతికి వస్తే, చాంపియన్ డిఆర్మెంట్ అనేది జార్జ్ డిఆర్మెంట్ అనే కమ్మరి 1886లో మొదలుపెట్టిన కంపెనీ. చానల్‌లాక్ అనే పేరును 1949లో వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకున్నారు, 1963లో కంపెనీ పేరునే చానల్‌లాక్‌గా మార్చారు. కనుక పాత కంపెనీ పేరూ కొత్త పేరూ కలిసి ఉన్న మీ ప్లయర్ ఆ రెండు సంవత్సరాల మధ్యది అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇతర కంపెనీల పనిముట్లకు పేటెంటు సంఖ్య తోడ్పడుతుంది: అమెరికా పేటెంట్ల సంఖ్య 1911లో పది లక్షలకు, 1935లో ఇరవై లక్షలకు, 1961లో ముప్పై లక్షలకు చేరింది. అయితే ఒకే సంఖ్యను ఏళ్ల తరబడి ముద్రించేవారు కాబట్టి, ఆ సంవత్సరానికి ముందు తయారైనది కాదని మాత్రమే చెప్పగలం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో క్రోమియం కరువై చాలా కంపెనీలు పనిముట్లకు క్రోమ్ పూత మానుకున్నాయి. ఆనాటి నల్లటి, మొరటు పనిముట్లను అమ్మేవారు నాసిరకంగా భావించి చౌకగా ఇచ్చేస్తారు, నా దగ్గరున్న మంచి ప్లయర్లలో రెండు అలా వచ్చినవే. వాటిలో కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది, అది విషం. అనుమానం ఉంటే తీగ బ్రష్షుతోగానీ సాన యంత్రంతోగానీ గీకవద్దు.

గాడులు లేని రకాలలో రెండింటి గురించి చెప్పాలి. నెబ్రాస్కాలోని డివిట్ అనే చిన్న ఊళ్లో, డెన్మార్క్ నుంచి వలస వచ్చిన కమ్మరి విలియం పీటర్సన్, బిగించాక చేయి వదిలినా పట్టు వదలని ప్లయర్‌కు 1924లో పేటెంటు పొందారు, అదే వైస్‌గ్రిప్. అక్కడి కర్మాగారం 2008లో మూతపడింది కాబట్టి డివిట్ పేరున్న పాతవాటికి గిరాకీ ఉంది. వాటిలో పిడి చివరనున్న మర స్క్రూ చివరిదాకా సాఫీగా తిరుగుతోందా, లోపలి స్ప్రింగు ఉందా చూసుకుంటే చాలు. రెండోది బెర్నార్డ్ ప్లయర్, దాని మూల పేటెంటు 1890 నాటిది. దాని దవడలు కత్తెరలా కోణంగా కాక సమాంతరంగా కదులుతాయి, అందువల్ల చిన్న నట్లను మూలలు చెడకుండా పట్టుకుంటుంది. సేకరణలో ఒక్కదాన్నే ఉంచుకోమంటే నేను దాన్నే ఉంచుకుంటాను.

తుప్పు వదిలించడంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మామూలు వెనిగర్‌లో ఒక రాత్రి నానబెడితే తుప్పు మెత్తబడుతుందన్నది నిజమే, కానీ క్రోమ్ పూత అప్పటికే లేచి ఉన్న ఒక ప్లయర్‌ను అలా రెండు రోజులు వదిలేస్తే, మిగిలిన పూత గాజు పెంకుల్లా ఊడి అరచేతిలో దిగింది. పూత లేని ఉక్కుకు మాత్రమే వెనిగర్ వాడండి, తీసిన వెంటనే వంట సోడా కలిపిన నీటిలో ముంచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె రాయండి. బిగుసుకున్న కీలును మంటతో వేడి చేయడం కన్నా నాలుగైదు రోజులు నూనెలో నానబెట్టి కొద్దికొద్దిగా కదపడం మేలు. ఉక్కు నీలిరంగుకు తిరిగేంత వేడెక్కితే గట్టిదనం పోయి పళ్లు మెత్తబడతాయి. పిడుల మీది పాత ప్లాస్టిక్ తొడుగును చూసి కరెంటు పనికి పూనుకోవద్దు. అది చేతికి మెత్తగా ఉండటానికే. 1000 వోల్టుల ముద్ర ఉన్న కొత్తది ఒకటి విడిగా కొనుక్కోండి.

ఇండియాకు తీసుకువెళ్లాలనుకునేవారికి ఒక వివరం. అమెరికాలో దొరికే పాత పానాలు చాలావరకు ఇంచి కొలతలవి కనుక మన దగ్గరి మిల్లీమీటరు నట్లకు కుదరవు. సర్దుబాటు ప్లయర్లకు ఆ బాధ లేదు. (మా షెడ్డులో ఇంగ్లండు లారీల నాటి విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత పానాలు కూడా ఉండేవి, వాటి మీద రాసినది నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. కొత్తగా చేరిన కుర్రాళ్లు ప్రతిసారీ అక్కడే తడబడేవారు.) నేను పది అంగుళాల ప్లయర్ ఒకటి చెకిన్ సామానులో పెట్టి నాన్నగారికి తీసుకువెళ్లాను, చేతి సంచిలో అయితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ఆయన పెట్టెలోంచి తీసి, పేరు చదవకుండానే అడ్డంగా ఊపి చూశారు.

మీరు చూసిన ప్లయర్‌ను వదలకండి. గాడులన్నిటిలోనూ నాలుక నిలిస్తే ఐదు డాలర్లైనా పెట్టవచ్చు. ఒక్క గాడి మాత్రమే అరిగి ఉంటే ఆ మాట చెప్పి రెండుకు అడగండి, ఎందుకంటే మిగిలిన గాడులతోనే చాలా పనులు సాగుతాయి.