ఆ వారాన్ని శనివారంతో ముగించకు

ప్రియమైన టీచరమ్మకు,

ఒకటో తరగతి పిల్లలతో గడిపిన వారం గురించి నువ్వు రాసి పంపిన కాగితాలు అందాయి. చదివి, పక్కన పెట్టి, మళ్లీ చదివాను. నువ్వు రాయాలి, అందులో సందేహం పెట్టుకోకు. మన కథల్లో బడి చాలాసార్లు వస్తుంది గానీ పాఠం రావడం తక్కువ. బెత్తం ఉంటుంది, ఫీజు ఉంటుంది, మాస్టారి మంచితనమో కోపమో ఉంటుంది. ఆరేళ్ల బిడ్డ ఒక అక్షరాన్ని ఎలా పట్టుకుంటుందో రాసినవాళ్లు కొద్దిమందే. నీకు ఆ గది లోపలినుంచి తెలుసు.

నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే. సోమవారం ఎవరికీ రానిది శనివారానికి అందరికీ వచ్చేసింది. అలా జరిగి ఉండదు, అది నాకన్నా నీకే బాగా తెలుసు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలుండాలి. నువ్వు రాసింది అందులో ఆరు రోజులు. ఆరు రోజుల్లో కథ ముగియాలని పాఠకుడు అడగడు, పై అధికారికి చూపించే నివేదిక మాత్రమే అడుగుతుంది. శుక్రవారం వచ్చిన అక్షరం ఆదివారం ఇంట్లో ఆడుకుని వచ్చేసరికి సగం పోతుంది. ఆ మరుపు చదువులో భాగం. దాన్ని దాచిపెట్టి రాస్తే నీ పిల్లలు బొమ్మలైపోతారు.

నీ రాతప్రతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇది: ‘ఇరవై ఒకటి రాయమంటే 201 అని రాశాడు, సరిచేశాను.’ ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు అక్కడ మూడు పేజీలు కావాలి. ఆ పిల్లాడు ఏం చేశాడో చూడు. ఇరవై అని విన్నాడు, 20 వేశాడు. ఒకటి అని విన్నాడు, పక్కన 1 వేశాడు. చెవిన పడినదాన్ని ఏదీ వదలకుండా పలక మీద పెట్టాడు. నూట ఐదు అంటే 1005 రాసే పిల్లలూ ఇదే దారిలో వస్తారు. అంటే వాడికి అంకెలు వచ్చు, శ్రద్ధగా వినడం వచ్చు, స్థానవిలువ ఒక్కటే ఇంకా అందలేదు. ఒకే 2 ఒకచోట రెండు, ఇంకోచోట ఇరవై అవుతుందన్న సంగతి మనుషులకు తేలిగ్గా దొరికింది కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో చేసే లెక్కలకు నియమాలు రాసేనాటికి దాని వెనక ఎన్ని తరాల ఆలోచన ఉందో! అంత ఆలోచననూ నీ పిల్లాడు ఒక మంగళవారం పొద్దున, బలపం చేత్తో పట్టుకుని, ఒంటరిగా ఎదుర్కొంటున్నాడు.

అప్పుడు నువ్వేం చేశావు? చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించావా? రెండు కట్టలు, ఒక విడి పుల్ల వాడి చేతికిచ్చావా? వాడు కట్ట విప్పి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడా? (చాలామంది విప్పుతారు. కట్టలో పది ఉన్నాయని నమ్మడానికి వాళ్లకు కొన్నాళ్లు పడుతుంది.) కట్టలు రెండు కాబట్టి ఎడమవైపు 2, విడిది ఒకటి కాబట్టి కుడివైపు 1 అని వేసినప్పుడు వాడి మొహం నువ్వే చూశావు, నేను చూడలేదు. మర్నాడు ముప్పై నాలుగు అంటే వాడు మళ్లీ 304 వేశాడా? వేస్తే అదీ రాయి. తప్పు ఉన్నచోటే పిల్లాడి ఆలోచన బయటికి కనిపిస్తుంది. సరైన జవాబు మీద నువ్వెంత రాసినా వాడి గురించి నాకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

తెలుగు పాఠం దగ్గరా అంతే. ‘పిల్లలు గుణింతం చక్కగా వల్లించారు’ అన్నావు. వల్లిస్తారు. క కు గుడిస్తే కి, క కు కొమ్మిస్తే కు అని గది అదిరేలా చెబుతారు. కానీ బోర్డు మీద ‘కుండ’ అని రాసి ఒక్కదాన్ని లేపి చదవమను. క, కా, కి, కీ అని పెదవులు కదుపుతూ వరసలో వెతుక్కుని ‘కు’ దగ్గర ఆగుతుంది. తర్వాత సున్నా, ఆ తర్వాత డ. చివరికి వచ్చేసరికి మొదటి అక్షరం జారిపోయి ఉంటుంది, మళ్లీ వెనక్కి వెళుతుంది. ఆ వెతుకులాటను రాయాలంటే నీ వాక్యాలు కూడా నెమ్మదించాలి. వెనక నుంచి ఎవరో ‘కుండ, కుండ’ అని అందిస్తారు చూడు, అప్పుడు ఆ పిల్ల ముఖంలో సంతోషం కన్నా కోపం ఎక్కువ కనిపిస్తుంది. వదలకు దాన్ని.

ఇంకో మాట. నీ గదిలో రెండో తరగతి పిల్లలు కూడా కూర్చుంటారని మొదటి పేజీలో చెప్పావు. ఆ తర్వాత వాళ్లు ఎక్కడా లేరు. 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలని చట్టమే అంటుంది, తరగతులేమో ఐదు. మన పల్లెల్లో చాలామంది పిల్లల చదువు పక్క తరగతి పాఠం వింటూనే సాగుతుంది. నువ్వు వీళ్లకు పుల్లలు పంచుతుంటే వాళ్లు ఎక్కాలు రాస్తుంటారు, ఒకరు రాసి నీ ముందుకొచ్చి నిలబడతారు, ఇంకొకరు ఒంటికి వెళ్తానని వేలు చూపిస్తారు. నీ చూపు రెండుగా చీలడం పేజీ మీద కనిపించాలి.

నీ పిల్లలు మాట్లాడే తెలుగు గురించి చెప్పాలి. ‘టీచర్, నేను నీళ్లు తాగి రావచ్చునా?’ అని రాశావు. నల్లగొండ పల్లెలో ఏ పిల్లాడూ అలా అడగడు. ‘టీచర్, నీళ్లు తాగొస్త’ అంటాడు. అలాగే రాయి, నువ్వు మాత్రం నీ మామూలు తెలుగులో రాసుకో. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారిని ఆగస్టు 29న అందరం తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిన సంగతి తక్కువ మాట్లాడుకుంటాం. పిల్లల నోటి భాషను గౌరవించడం అక్కడినుంచి నేర్చుకోవాలి.

ప్రార్థన దగ్గర ‘అందరూ ముక్తకంఠంతో ప్రతిజ్ఞ చేశారు’ అన్న వాక్యం తీసెయ్. మీ జిల్లా అన్నెపర్తి వాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాసిన ప్రతిజ్ఞ అది. ఒకటో తరగతి పిల్లలకు ఆ పెద్ద మాటలు ఇంకా చప్పుడు మాత్రమే. పెద్ద పిల్లల వెనకే ఒక అక్షరం ఆలస్యంగా పలుకుతారు. నాకు ఆ ఆలస్యం కావాలి.

‘అభ్యసన ఫలితాలు’, ‘సామర్థ్యాలు’ లాంటి మాటలు రిజిస్టర్‌లో ఉండనీ. 2022లో ప్రాథమిక బడి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడాలని తెలంగాణ ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాక నీకు ఆ మాటలతో రోజూ పని పడుతోందని తెలుసు. కథలో మాత్రం పిల్ల ఏం చేసిందో చెబితే చాలు.

పేర్లు మార్చు. పేరు మారిస్తే సరిపోదు, ఊళ్లో గుర్తుపట్టే ఆనవాళ్లూ మార్చు. తండ్రి తాగుడు గురించి రాసిన పేరా ఉంది, అది తీసెయ్యమని గట్టిగా అడుగుతున్నాను. ఆ పిల్ల పదేళ్ల తర్వాత నీ పుస్తకం చదువుతుంది. చదవడం నేర్పింది నువ్వే కదా.

ఇప్పుడే మొత్తం తిరగరాయకు, టెన్షన్ పడకు. ముందు ఆ 201 భాగం ఒక్కటీ రాసి పంపు. పుల్లల కట్ట విప్పాడో లేదో గుర్తులేకపోతే, రేపు ఇంకో పిల్లాడి చేతికి ఇచ్చి చూసి రాయి.

నీ రాత కోసం ఎదురుచూస్తూ,
శ్రేయోభిలాషి